"మరి మరి నిన్నే": త్యాగరాజస్వామి కాంభోజి, ఇళయరాజా సారమతి

సంగతి_వేటగాడు

అందరికీ నమస్కారం. చాలాకాలంగా మనసులో నలుగుతున్న విషయం ఒకటి మీ ముందు పెడుతున్నాను.

"మరి మరి నిన్నే మొరలిడ నీ మనసున దయరాదు". త్యాగరాజస్వామి ఈ కృతిని కాంభోజిలో కట్టారు. 1985లో బాలచందర్ గారి తమిళ సినిమా "సింధుభైరవి" కోసం ఇళయరాజా ఇదే పల్లవిని సారమతిలోకి మార్చారు. చిత్ర గారు జానపదం ఎత్తుకుని (మన డబ్బింగ్‌లో "పాడలేను పల్లవైనా భాషరానిదానను"), స్వరాలు పాడి, చివర్లో అదే వరస మీద "మరి మరి నిన్నే"లోకి దిగుతారు. స్వామి సిద్ధి పొందింది 1847లో, సినిమా వచ్చింది 138 ఏళ్ల తర్వాత.

ఏది గొప్ప అని అడగడం లేదు. రెండిట్లోనూ మాటలు అవే, అక్షరం మారలేదు. అయినా కాంభోజిలో వింటే నాకు ఒక మనిషి కనిపిస్తాడు, సారమతిలో వింటే ఇంకో మనిషి. మొదటివాడు రాముణ్ణి నిలదీస్తున్నాడు. రెండో మనిషి కాళ్లావేళ్లా పడుతోంది. ఇది నా ఊహా, లేక నిజంగా పాటలోనే ఉందా? పాడేవాళ్లు, వాయించేవాళ్లు చెప్పండి.

కాంభోజి_అభిమాని

ఊహ కాదండీ, ఉంది. అందుకే నాకు ఆ మార్పు ఇప్పటికీ మింగుడుపడదు.

ధాతువు (వరస), మాతువు (సాహిత్యం) రెండూ ఒకే మనిషి మనసులోంచి ఒకేసారి పుట్టిన కృతి అది. ఎవరో రాసిచ్చిన పాటకు ఇంకొకరు ట్యూన్ కట్టింది కాదు. స్వామి కాంభోజిని ఎన్నుకున్నారంటే దానికి కారణం ఉంటుంది. "ఓ రంగశాయీ", "ఎవరి మాట విన్నావో", "మా జానకి చెట్టబట్టగ" వరుసగా వినండి. ఇవన్నీ కాంభోజే. "మా జానకి చెయ్యి పట్టాకే కదా నువ్వు మహారాజువయ్యావు" అని రాముడితోనే అంటారు. "పిలిస్తే రాకూడదా" అని రంగనాథుణ్ణి అడుగుతారు. అంత చనువుగా, అంత హక్కుగా మాట్లాడాల్సిన చోట ఆయన కాంభోజి పట్టుకున్నారని నాకు అనిపిస్తుంది. "మరి మరి నిన్నే" కూడా ఆ వరసలోదే.

దాన్ని తీసుకెళ్లి ఏడుపు రాగంలో పెడితే పాట అందంగానే ఉండొచ్చు. అది స్వామి పాట కాదు.

రాజా_భక్తుడు

అన్నా, సారమతిని ఏడుపు రాగం అనేస్తే ఎలా? అది కూడా స్వామి కృతి ఇచ్చిన రాగమే. "మోక్షము గలదా భువిలో" లేకపోతే సారమతి అనే పేరు ఈరోజు మనకు తెలిసేదా?

ఇంకో సంగతి. రాజా గారు త్యాగరాజ కీర్తన దొరికితే చాలు రాగం మార్చేసే మనిషి కాదు. 1983లో "సాగరసంగమం"లో జానకి గారు పాడిన "బాలకనకమయ చేల" గుర్తు చేసుకోండి. అది "ఏల నీ దయరాదు" కృతి అనుపల్లవి. స్వామి కట్టిన అఠాణాలోనే ఉంచారు. అక్కడా మాట "దయరాదు", ఇక్కడా "దయరాదు". అక్కడ ముట్టుకోని మనిషి ఇక్కడ మార్చారంటే సీన్‌కు ఏదో కావాల్సివచ్చిందని అర్థం. ఆయనకు మొదటి మూడు జాతీయ అవార్డులూ సాగరసంగమం, సింధుభైరవి, రుద్రవీణలకే వచ్చాయి. మూడూ శాస్త్రీయ సంగీత నృత్యాల చుట్టూ తిరిగే కథలే. ఆ సంగీతం మీద గౌరవం లేకుండా అలాంటి పని జరగదు.

కాంభోజి_అభిమాని

గౌరవం లేదని నేను అనలేదు తమ్ముడూ. అఠాణాను అఠాణాగా ఉంచి మెప్పించినాయన కాంభోజిని కాంభోజిగా ఉంచి కూడా మెప్పించగలరు కదా అంటున్నాను.

జానపదం నుంచి కీర్తనలోకి రావాలి కాబట్టి కాంభోజి కుదరదు అంటారేమో. కాంభోజి కుటుంబంలోనే ఎరుకల కాంభోజి ఉంది. పేరులోనే ఎరుకలవాళ్లు ఉన్నారు. ఆ దారిన వెళ్లినా పల్లెపాట నుంచి పెద్ద కీర్తనకు చక్కగా నడిచి రావచ్చు.

తెల్లమెట్లు_నల్లమెట్లు

నేను కీబోర్డు వాడిని, శాస్త్రం తక్కువ తెలుసు. మెట్ల మీద ఏం జరుగుతోందో చెప్తాను, పెద్దలు సరిచూడండి.

'స'ను 'సి' మీద పెట్టుకోండి. కాంభోజి 28వ మేళకర్త (తల్లి రాగం) హరికాంభోజి జన్యం, అంటే దాన్నుంచి పుట్టిన రాగం. సారమతి 20వ మేళకర్త నఠభైరవి జన్యం. స, రి, మ, ప, ని రెండిట్లోనూ ఒకే మెట్లు. మారేవి రెండే స్వరాలు. కాంభోజిలో గాంధారం 'ఈ' తెల్లమెట్టు, ధైవతం 'ఏ' తెల్లమెట్టు. సారమతిలో ఆ రెండూ ఒక్కో మెట్టు కిందకు జరిగి పక్కనున్న నల్లమెట్ల మీద కూర్చుంటాయి. అంతర గాంధారం పోయి సాధారణ గాంధారం, చతుశ్రుతి ధైవతం పోయి శుద్ధ ధైవతం. అంతే. పాశ్చాత్య లెక్కలో మేజర్ ఛాయ పోయి పూర్తి మైనర్ వచ్చేసింది.

అసలు తేడా దిగేటప్పుడు తెలుస్తుంది. సారమతి ఎక్కేటప్పుడు స రి గ మ ప ద ని స అని ఏడూ వస్తాయి. దిగేటప్పుడు స ని ద మ గ స. పంచమం లేదు, రిషభం లేదు. ధైవతం నుంచి నేరుగా మధ్యమానికి, గాంధారం నుంచి నేరుగా షడ్జానికి. మెట్లు దిగుతుంటే కాలి కింద ఉండాల్సిన మెట్టు లేనట్టు ఉంటుంది, అదీ రెండుసార్లు. "దయరాదు" చివర గొంతు షడ్జానికి వచ్చేటప్పుడు ఆ గాంధారం నుంచి జారడం వినండి. సంగతి_వేటగాడు గారికి కనిపించిన రెండో మనిషి అక్కడే ఉందని నా అనుమానం.

కాంభోజి దీనికి పూర్తిగా రివర్స్. స రి గ మ ప ద స అని నిషాదం వదిలేసి ఎక్కుతుంది, దిగేటప్పుడు ఒక్క స్వరం కూడా వదలదు. దిగడంలో ఎక్కడా తొట్రుపాటు లేదు.

పాఠాల_అక్కయ్య

మెట్ల బాబు చెప్పింది సరిగ్గా ఉంది. ఒకటి కలుపుతాను. కాంభోజి భాషాంగ రాగం, అంటే తల్లి రాగంలో లేని స్వరం కూడా వచ్చిపోయే రాగం. "స ని ప ద స" అనే పట్టులో కాకలి నిషాదం తొంగిచూస్తుంది. ఆ ఒక్క పట్టు వినగానే తలుపు అవతల ఉన్నవాళ్లకు కూడా కాంభోజి అని తెలిసిపోతుంది. హరికాంభోజి స్వరాలు నేర్పినంత మాత్రాన కాంభోజి రాదు. ఆ పట్టు, ఆ గాంధార ధైవతాల గమకం (స్వరాన్ని ఊపి పలికే తీరు) నోటికి రావాలి. పిల్లలకు నేర్పేటప్పుడు నాకు ఎక్కువ రోజులు పట్టేది దానికే.

ఇక అసలు ప్రశ్న. "నిలదీస్తున్నాడు" అన్న మాట నాకు నచ్చింది. అయితే ఆ నిలదీయడం రాగంలోనే కాదు, సాహిత్యంలో కూడా ఉంది. సినిమా పాటలో వినిపించేది పల్లవి మాత్రమే. పల్లవి ఒక్కటే తీసుకుంటే "ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా నీకు దయ రావడం లేదు" అన్నంతే. బతిమాలుతున్నట్టు పాడొచ్చు, కోపంగానూ పాడొచ్చు, రెండిటికీ చోటుంది. అనుపల్లవికి వెళ్లగానే ఆ చోటు మూసుకుపోతుంది. "కరి మొర విని సరగున చన నీకు కారణమేమి సర్వాంతర్యామి?" ఏనుగు పిలిస్తే పరుగెత్తావు, కారణం ఏమిటి చెప్పు. ఈ మాట వినగానే తెలుగువాడికి పోతన గారి "సిరికింజెప్పడు" చెవిలో మోగి తీరుతుంది. లక్ష్మికి చెప్పకుండా, శంఖచక్రాలు చేతపట్టకుండా పరుగెత్తిన వాడు కదా. అంత వేగం ఏనుగు కోసం, నా కోసం అడుగు కూడా పడదా అని.

చరణంలో ఇంకా జోరు. ధ్రువుడికి ఎదురుగా నిల్చిన కథ విన్నాను అంటారు. రాక్షసుడి కొడుకు కోసం నరమృగమయ్యావు కదా, ఏమిటది అంటారు. ఆ తర్వాత మరచిపోయి ఉన్న వనచరుణ్ణి కాపాడిన సంగతి. వనచరుడంటే సుగ్రీవుడని మా గురువుగారు చెప్పేవారు. ఇచ్చిన మాట మరిచి కూర్చున్న వాణ్ణి కూడా కాపాడావు, నేను నిన్ను ఒక్కరోజైనా మరిచానా అన్న ఎత్తిపొడుపు అందులో ఉంది. చివరికి "తరముగాదిక నే వినను". ఇక నా వల్ల కాదు, నువ్వేం చెప్పినా వినను. ఏడ్చే మనిషి నోట రావాల్సిన ముగింపా ఇది? తండ్రి మీద అలిగి గుమ్మంలో నిలబడ్డ పెద్దకొడుకు గొంతు. దానికి కాంభోజి గాంభీర్యం కావాలి. నా ఓటు స్పష్టంగా స్వామి కాంభోజికే.

అలాగని సారమతి పల్లవి నన్ను కదిలించలేదని చెప్పను. కదిలించింది. సినిమాలో ఈ పాట పాడే అమ్మాయి సింధు పాడేది త్యాగరాజు కృతి మొత్తం కాదు, అందులో తనకు పనికొచ్చే ఒక్క వాక్యం. ఆ వాక్యానికి ఆవిడ బాధ ఆవిడది.

సంగతి_వేటగాడు

అక్కయ్య గారూ, ఎంతో విలువైన మాట. అంటే సారమతిలో చరణం మొత్తం పాడితే నిలబడదంటారా?

తెల్లమెట్లు_నల్లమెట్లు

నిన్న రాత్రి అదే చేసి చూశానండీ. పల్లవి హాయిగా కూర్చుంటుంది. "కారణమేమి" దగ్గరికి వచ్చేసరికి అడగాల్సిన ప్రశ్న గొణుగుడు అయిపోతోంది. "నే వినను" అయితే మరీ. దిగుతూ పాడితే ఓడిపోయినట్టు ఉంది, పై షడ్జం మీద నిలిపితే సారమతి లక్షణం పోయి మామూలు నఠభైరవి అవుతోంది. నాకంటే బాగా పాడేవాళ్లు వేరే దారి కనిపెట్టగలరేమో.

కాంభోజిని సినిమాకు ఎందుకు వదిలారో కూడా కీబోర్డు మీద కొంత అర్థమవుతుంది. కాంభోజి గమకాలు నిలకడగా ఒక చోట ఉండవు, కింద కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) పెడితే గొంతుకూ కార్డుకూ తగువు. సారమతిలో నఠభైరవి స్వరాలు కాబట్టి మైనర్ కార్డ్స్ సుఖంగా ఒదుగుతాయి. జానపదం భాగంలో వాద్యాలు పరుచుకోవాలంటే ఈ రాగం ఆయనకు చెయ్యి కదిలేంత చోటు ఇచ్చింది.

తనియావర్తనం

మృదంగం పక్కనుంచి ఒక మాట. ఇంతవరకు ఎవరూ సంగతుల గురించి, అంటే ఒకే వాక్యాన్ని కొద్దికొద్దిగా మార్చి పెంచుతూ పాడే వరసల గురించి చెప్పలేదు.

కృతి పల్లవిలో "మరి మరి" అని మాట రెండుసార్లే ఉంది. కానీ కచేరీలో సంగతి తర్వాత సంగతి పడుతుంటే ఆ వాక్యం ఎన్నిసార్లు వస్తుందో చూడండి. మొదటిది సాదాగా. తర్వాతది "మొరలిడ" దగ్గర కొంచెం విస్తరిస్తుంది. ఆ తర్వాతది ఇంకాస్త పైకి. మళ్లీ మళ్లీ మొరపెట్టుకుంటున్నానని ఆయన మాటతో చెప్పి ఊరుకోలేదు, పాట కట్టడంలోనే మళ్లీ మళ్లీ మొరపెట్టుకున్నారు. మేం పక్కన వాయించేటప్పుడు కూడా ప్రతి సంగతికీ చెయ్యి కొంచెం కొంచెంగా లేపుతాం. మొదటి సంగతికే జోరు చూపిస్తే చివరి సంగతికి ఏమీ మిగలదు.

సినిమాలో అంత టైమ్ ఎక్కడుంది? కచేరీలో కాంభోజి ప్రధానంగా తీసుకుంటే ఆలాపన, కృతి, నెరవల్ (ఒక వాక్యాన్ని రకరకాలుగా విస్తరించడం), స్వరాలు, తని (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) అన్నీ కలిపి ముప్పావుగంట దాటినా ఆశ్చర్యం లేదు. సినిమాలో కొన్ని నిమిషాల్లో జానపదం, స్వరం, కీర్తన మూడూ అయిపోవాలి. సంగతులు పెరగడానికి పట్టే కాలం లేనప్పుడు, ఒక్క వినికిడిలోనే గుండె పట్టుకునే రాగం కావాలి. సారమతి ఆ పని చేస్తుంది. నా దృష్టిలో ఇది రెండు రాగాల తేడా కన్నా రెండు రకాల కాలాల తేడా.

మైలాపూర్_తెలుగు

మా తాతగారి కాలం నుంచి మద్రాసులోనే ఉన్నాం. సినిమా సందర్భం చెప్పకుండా ఈ పాట గురించి మాట్లాడితే సగమే మాట్లాడినట్టు.

తమిళంలో ఆ సీన్ ఏమిటి? జేకేబీ పెద్ద విద్వాంసుడు, తెలుగు కీర్తనలు పాడుతున్నాడు. సింధు లేచి, వింటున్న జనానికి అర్థమయ్యే భాషలో ఎందుకు పాడరని అడుగుతుంది. ఇది బాలచందర్ గారు కొత్తగా పుట్టించిన గొడవ కాదు. 1940లలో ఇక్కడ తమిళ ఇసై (తమిళ సంగీతం) ఉద్యమం నడిచింది, రాజా అణ్ణామలై చెట్టియార్ ఆధ్వర్యంలో 1943లో తమిళ ఇసై సంఘం పుట్టింది. కచేరీ అంటే తెలుగు కృతులే అయిపోయాయి, మా భాష పాటలు చివర్లో పాడే చిన్న పాటలుగా, తుక్కడాలుగా మిగిలాయి అన్నది వాళ్ల బాధ. అందులో న్యాయం ఉంది. మన త్యాగరాజు మనకు ముద్దు, అలాగే వాళ్లకూ వాళ్ల భాష ముద్దు.

అంతటి గొడవకు రాజా గారు ఇచ్చిన సమాధానం మాటల్లో లేదు, రాగంలో ఉంది. తమిళ పల్లెపాట మొదలుపెట్టి, రాగం తెగకుండా తెలుగు కీర్తనలోకి దింపారు. సభలో కూర్చున్న తమిళుడికి కూడా అప్పటికే పల్లెపాట పుణ్యాన ఆ దుఃఖం పట్టుబడింది కాబట్టి, "మొరలిడ" అంటే తెలియకపోయినా ఏదో వేడుకుంటోందని తెలిసిపోతుంది. రాగం ఒకటే కావడం ఆ సీన్‌కు ప్రాణం. రెండు పాటలకూ ఒకే రాగం పెట్టాలి, అది పల్లెపాటకు సరిపడాలి. కాంభోజి_అభిమాని గారి ఎరుకల కాంభోజి ఆలోచన బావుంది, కానీ అందులో ఈ దిగులు వస్తుందా అన్నది నా సందేహం.

మన తెలుగు డబ్బింగ్‌లో ఈ పదును పోయింది. జానపదమూ తెలుగే, కీర్తనా తెలుగే. దాటాల్సిన గట్టు లేనప్పుడు దాటడంలో గొప్ప ఏం కనిపిస్తుంది? అందుకే మనవాళ్లు దీన్ని "రాగం మార్చిన పాట"గానే గుర్తుపెట్టుకున్నారు. ఆ మార్పు ఎందుకు అవసరమైందో తెలియాలంటే తమిళంలో చూడాలి.

రాజా_భక్తుడు

సూపర్ సార్! దీనికి ఇంకొకటి జోడిస్తాను. "మోక్షము గలదా" అనుపల్లవి ఏమిటి? "సాక్షాత్కార నీ సద్భక్తి సంగీత జ్ఞాన విహీనులకు". భక్తి, సంగీత జ్ఞానం లేనివాళ్లకు మోక్షం ఉందా అని స్వామి అడిగింది సారమతిలో. సింధు ఏమని మొదలుపెడుతుంది? పాడడం రాదు, చదువు రాదు, బడి తెలియదు అని. సంగీత జ్ఞానం లేదని చెప్పుకునే అమ్మాయి నోట, సంగీత జ్ఞానం గురించే అడిగిన రాగం! కావాలని పెట్టారో, అలా కుదిరిందో ఆయనకే తెలియాలి. నాకు మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. ఈ పాటకే చిత్ర గారికి మొదటి జాతీయ అవార్డు వచ్చింది.

కాంభోజి_అభిమాని

ఈ చివరి మాట చాలా బావుంది తమ్ముడూ. మైలాపూర్ వారు చెప్పిన సందర్భం కూడా ఒప్పుకుంటాను. సీన్‌కు ఆ రాగం సరే.

నా భయం వేరే. ఈరోజు "మరి మరి నిన్నే" అనగానే నూటికి తొంభైమంది నోట సారమతి వరసే వస్తుంది. సినిమా బలం అలాంటిది. స్వామి తన కృతులకు తాను స్వరం రాసి పెట్టలేదు. వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం శిష్యులు నోటి ద్వారా, చేతిరాతల ద్వారా కాపాడితేనే మన దాకా వచ్చాయి. పాడేవాళ్లు పాడడం మానేస్తే కాంభోజి వరస పోవడానికి ఒక్క తరం చాలు.

సంగతి_వేటగాడు

కానీ అండీ, అన్నమయ్య విషయంలో మనం ఒప్పుకున్నాం కదా? రాగిరేకుల మీద రాగం పేర్లే ఉన్నాయి, వరసలు లేవు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు మొదలుకొని ఎందరో 20వ శతాబ్దంలో కట్టిన వరసల్లోనే మనం పాడుకుంటున్నాం. రేకు మీద ఉన్న రాగం ఒకటి, పాడేది ఇంకొకటి అయిన పాటలు కూడా ఉన్నాయి. "నగుమోము గనలేని" ఆభేరిలో ఏ ధైవతం పాడాలన్న వాదన ఇప్పటికీ తెగలేదు, అయినా ఎవరూ పాడడం ఆపలేదు.

పాఠాల_అక్కయ్య

అన్నమయ్య వరసలు పోయాయి నాయనా. పోయినదాన్ని కట్టుకోవడం వేరు, బతికి ఉన్నదాన్ని పక్కన పెట్టడం వేరు. "నగుమోము" సంగతి పాడుతూ పాడుతూ తరాల మీద నెమ్మదిగా జరిగిన మార్పు. ఇక్కడ ఒక సంగీత దర్శకుడు తెలిసి, ఆలోచించి, ఒక కథ కోసం మార్చారు. దాన్ని ఆ కథలో ఉంచుకుంటే ఎవరికీ నష్టం లేదు.

డల్లాస్_అమ్మ

ఈ చర్చ చూసి ఇవాళే చేరాను. మా పాపకు పన్నెండేళ్లు, సంగీతం నేర్చుకుంటోంది. చిత్ర గారి పాట యూట్యూబ్‌లో విని మొత్తం పట్టేసింది, స్వరాలతో సహా. ఈసారి మా ఊళ్లో త్యాగరాజ ఆరాధనకు పిల్లలందరూ తలా ఒక కృతి పాడాలి. అదే పాడతానంటోంది, సారమతిలోనే. గురువుగారు వద్దన్నారు, ఇంట్లో రెండు రోజులుగా ఒకటే టెన్షన్. వద్దంటే సంగీతం మీదే విరక్తి వస్తుందేమోనని నాకు భయం. పెద్దవాళ్లు ఏమంటారు?

కాంభోజి_అభిమాని

ఆరాధన వేదిక మీద స్వామి కృతి స్వామి రాగంలోనే పాడాలమ్మా. మీ గురువుగారు చెప్పింది న్యాయం.

పాఠాల_అక్కయ్య

అమ్మా, ఆరాధన వరకు నాదీ అదే మాట. కానీ పాపకు "అది తప్పు, సినిమా పాట" అని మాత్రం చెప్పకండి. పన్నెండేళ్లకు సారమతి స్వరాలు విని పట్టేసిందంటే చెవి చాలా బావుంది. ఆ చెవిని చిన్నబుచ్చకూడదు.

ఇలా చేసి చూడండి. ఆరాధనకు "మోక్షము గలదా" పాడించమని గురువుగారిని అడగండి. తనకు ఇష్టమైన రాగమే, స్వామి కృతే, ఎవరికీ అభ్యంతరం ఉండదు. స్వరాలు ముందే నోట్లో ఉన్నాయి కాబట్టి కష్టం సాహిత్యం దగ్గరే, భావం విడమరిచి చెప్పి పాడించండి. "పాడలేను పల్లవైనా" మీ ఊరి ఉగాది ప్రోగ్రామ్‌లో పాడనివ్వండి, చివర "మరి మరి నిన్నే"తో సహా.

కాంభోజి కృతికి తొందరలేదు. ముందు కాంభోజిలో వర్ణం (కృతులకు ముందు నేర్పే సాధన పాట) కానివ్వండి, ఆ "స ని ప ద స" గొంతులో తిరగాలి. తర్వాత పల్లవి ఎత్తుకునే ముందు ఏనుగు కథ, ధ్రువుడి కథ, సుగ్రీవుడి కథ చెప్పండి. రాముడితో ఎందుకు పోట్లాడుతున్నాడో తెలిసిన పిల్ల ఆ పాటను నీరసంగా పాడదు.

డల్లాస్_అమ్మ

చాలా థాంక్స్ అక్కయ్య గారూ. "మోక్షము గలదా" సంగతి గురువుగారికి ఇప్పుడే మెసేజ్ పెట్టాను. కథల విషయానికొస్తే, ధ్రువుడు, ప్రహ్లాదుడు పాపకు తెలుసు. సుగ్రీవుడు మాట మరిచిపోయిన ఘట్టం మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

మైలాపూర్_తెలుగు

అది కిష్కింధ కాండలో వస్తుందమ్మా. వానాకాలం అయిపోయినా సుగ్రీవుడు సీతమ్మను వెతికించడం మరిచి భోగాల్లో మునిగి ఉంటే, లక్ష్మణుడు కోపంతో కిష్కింధకు వెళ్లే ఘట్టం. తార ఎదురొచ్చి శాంతింపజేస్తుంది. పిల్లలకు చెప్పడానికి మంచి రసవత్తరంగా ఉంటుంది.